ప్రమాణం నుండి పనిగంటల దాకా: భారతదేశంలో యువజన సేవా, శిబిర కార్యక్రమాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆరుబయట శిబిరాలు, సమాజసేవ యువతలో వ్యక్తిత్వాన్ని పెంపొందిస్తాయన్న భావన 20వ శతాబ్దం ఆరంభంలో స్కౌట్ ఉద్యమం ద్వారా భారతదేశానికి వచ్చింది. జాతీయోద్యమంలో అది రూపం మార్చుకుంది, స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ పథకంగా స్థిరపడింది. ఈ క్రమంలో యువతను క్రమశిక్షణలో పెట్టడానికీ, యువతకు బాధ్యత అప్పగించడానికీ నడుమ ఎడతెగని పెనుగులాట కనిపిస్తుంది. స్కౌటు దళాలు, రామదండు, హిందుస్తానీ సేవాదళ్, ఎన్.సి.సి., జాతీయ సేవా పథకం ఆధారంగా ఆ పెనుగులాటను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్కౌట్ ఉద్యమం, సేవాదళ్, దుర్గాబాయి, కుంజ్రూ, జాతీయ సేవా పథకం, నిర్బంధ సేవ, స్వచ్ఛంద సేవ

1. ప్రవేశిక

1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభలు జరిగాయి. వాటితోపాటు ఏర్పాటైన ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల బాలిక ఒకతె స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడింది. టికెట్టు లేనివారిని లోపలికి పంపకూడదన్నది ఆమెకు నిర్వాహకులు ఇచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్టు లేకుండా వచ్చినప్పుడు ఆమె ఆయనను ఆపివేసింది. కంగారుపడిన నిర్వాహకులు మందలించగా, తనకు చెప్పిన పనినే తాను చేశానని బదులిచ్చింది. చివరకు టికెట్టు కొని ఇచ్చాకే ఆయన లోపలికి వెళ్లారు. ఆ బాలిక ధైర్యాన్ని నెహ్రూ మెచ్చుకున్నారు. ఆమె తరువాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలిగా, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా ప్రసిద్ధి పొందిన దుర్గాబాయి.

ఈ ఉదంతం తెలుగునాట పాఠ్యపుస్తకాల స్థాయిలో ప్రచారం పొందింది. సాధారణంగా దీనిని దుర్గాబాయి నిజాయితీకి నిదర్శనంగానే చెప్పుకుంటారు. యువజన సేవా చరిత్ర కోణం నుండి చూసినప్పుడు అందులో మరొక అంశం కనబడుతుంది. ఆ బాలికకు అప్పగించినది నామమాత్రపు పని కాదు. ద్వారం దగ్గర ఎవరిని పంపాలో, ఎవరిని ఆపాలో తేల్చే అధికారం ఆమె చేతిలో ఉంది. పెద్దలు ఆ అధికారాన్ని వెనక్కి తీసుకోబోయిన క్షణంలో ఆమె దానిని వదులుకోలేదు. అంతకుముందే కాకినాడలో ఆమె బాలికా హిందీ పాఠశాల నడిపి, మహాసభలో సేవకురాండ్రుగా పనిచేయదలచిన స్త్రీలకు హిందీ నేర్పింది. అంటే ద్వారం దగ్గర కనిపించిన స్థైర్యం ఆ ఒక్క రోజున పుట్టినది కాదు.

యువజన సేవా కార్యక్రమాలు వ్యక్తిత్వ వికాసానికి తోడ్పడతాయని విద్యావిధాన పత్రాలన్నీ చెబుతాయి. ఏ పరిస్థితిలో తోడ్పడతాయి, ఏ పరిస్థితిలో తోడ్పడవు అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం అరుదు. చరిత్రలో కొంత సమాధానం దొరుకుతుంది.

2. స్కౌట్ ఉద్యమం: ఎవరికోసం శిబిరం?

1899–1900లో దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్ ముట్టడి కాలంలో అక్కడి బాలురు వార్తాహరులుగా పనిచేశారు. పని అప్పగిస్తే పిల్లలు పెద్దల మాదిరిగా నిర్వహించగలరన్న అభిప్రాయం బేడెన్ పొవెల్‌కు ఆ అనుభవం వల్ల బలపడింది. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో ఆయన సుమారు 20 మంది బాలురతో ఒక ప్రయోగాత్మక శిబిరం నిర్వహించాడు. వారిలో సంపన్నుల పాఠశాలల విద్యార్థులూ, శ్రామిక కుటుంబాల పిల్లలూ ఉన్నారు. వారిని నాలుగు చిన్న దళాలుగా విభజించి, ఒక్కొక్క దళానికి వారిలోనే ఒకరిని నాయకుడిగా నియమించాడు. ఆ తరువాతి సంవత్సరం ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ వెలువడింది.

స్కౌటు అనగానే యూనిఫారం, ముడులు, ఈల, సెల్యూట్ గుర్తుకు వస్తాయి. ఈ పద్ధతిలోని అసలు కొత్తదనం వాటిలో లేదు, చిన్న దళంలో ఉంది. అయిదారుగురు పిల్లలు తమ గుడారం తామే వేసుకుంటారు, తమ వంట తామే వండుకుంటారు. పప్పు మాడితే ఆ పూట మాడిన పప్పే తినాలి. తప్పు ఫలితం ఉపాధ్యాయుడి బెత్తం రూపంలో కాక, పని రూపంలోనే వెంటనే ఎదురవుతుంది. తరగతి గదిలో ఈ అనుభవానికి చోటు తక్కువ. దళనాయకుడు కూడా తోటి బాలుడే కావడం వల్ల ఆజ్ఞకూ స్నేహానికీ మధ్య సమన్వయం ఎవరికి వారు నేర్చుకోవలసి వస్తుంది.

ఈ ఉద్యమం భారతదేశానికి త్వరగానే చేరింది. 1909లో కెప్టెన్ టి.హెచ్. బేకర్ బెంగళూరులో తొలి స్కౌటు దళాన్ని స్థాపించాడు. 1911లో జబల్‌పూర్‌లో గైడ్ల దళం ఏర్పడింది. అయితే ఈ దళాలు ఐరోపా, ఆంగ్లో-ఇండియన్ పిల్లలకు మాత్రమే పరిమితమయ్యాయి. ఇంగ్లండులో సంపన్నుల పిల్లలనూ శ్రామికుల పిల్లలనూ ఒకే గుడారంలో పడుకోబెట్టిన ఉద్యమం ఇక్కడికి వచ్చేసరికి జాతి గీత దాటలేకపోయింది. భారతీయ బాలురకు శిబిర జీవితం, సంకేతాలు, దారి గుర్తులు పట్టే విద్య నేర్పితే వారు విప్లవకారులవుతారేమోనన్న భయం ప్రభుత్వ వర్గాలలో ఉండేది. ఈ భయంలో ఒక అంగీకారం దాగి ఉంది. ఈ శిక్షణ నిజంగానే మనిషిని మారుస్తుందని పాలకులు నమ్మారు, అందుకే దానిని నిరాకరించారు.

ఈ నిరాకరణకు భారతీయుల నుండి ప్రతిస్పందన వచ్చింది. 1917లో అనీబిసెంట్, జి.ఎస్. అరండేల్ మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్‌ను నెలకొల్పారు. హోంరూల్ ఉద్యమం కారణంగా వారిద్దరినీ ప్రభుత్వం నిర్బంధించినది కూడా ఆ సంవత్సరమే. ఈ సంస్థలో పిల్లలు టోపీకి బదులు తలపాగా ధరించారు, భారతీయ గీతాలు పాడారు. 1918లో అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్ సంస్థను ఏర్పరచారు. 1921లో బేడెన్ పొవెల్ భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు బిసెంట్ సంస్థ మాతృసంస్థలో విలీనమైంది. సేవాసమితి విడిగానే నిలిచింది.

విలీనానికి ప్రధానమైన అడ్డంకి స్కౌటు ప్రమాణం. రాజు పట్ల విధేయతను అందులో చేర్చడం సహాయ నిరాకరణ కాలంలో జాతీయవాదులకు మింగుడుపడలేదు. ఇది లాంఛనప్రాయమైన వివాదం కాదు. బాలుడు తన జీవితంలో మొదటిసారిగా పదిమంది ఎదుట చేసే ప్రమాణం ఎవరి పేరిట చేయాలన్నది అక్కడి ప్రశ్న. 1937లో ఢిల్లీ జాంబొరీకి వచ్చిన బేడెన్ పొవెల్ భారతీయుల శీలాన్ని తక్కువ చేస్తూ మాట్లాడినట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. దానితో మరికొందరు ఆ సంస్థను వదిలిపెట్టారు. 1938లో హిందుస్తాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది. ఈ పాయలన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కావడానికి 1950 నవంబరు 7 దాకా ఆగవలసి వచ్చింది. గైడ్లు మరుసటి సంవత్సరం అందులో చేరారు.

3. రామదండు, సేవాదళ్

అదే కాలంలో ఆంధ్రదేశంలో స్కౌటు నమూనాతో సంబంధం లేకుండానే సేవకుల దళం ఒకటి రూపుదిద్దుకుంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన రామదండు 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాలలో జనసమ్మర్దాన్ని అదుపు చేసింది. చీరాల–పేరాల ప్రజలు పురపాలక సంఘాన్ని నిరాకరించి, ఇళ్లు వదిలి రామనగరంలో గుడిసెలు వేసుకున్నప్పుడు ఆ దండే వారికి అండగా నిలిచింది. కాషాయ వస్త్రాలు, రుద్రాక్షలు, రామనామం దాని చిహ్నాలు. ఆరుబయట జీవితం అక్కడ శిక్షణ కోసం ఏర్పరచుకున్నది కాదు, పోరాటం తెచ్చిపెట్టిన అవసరం. సుమారు పదకొండు నెలలు ఊరు మొత్తం పాకలలో గడపడాన్ని ఏ శిబిర ప్రణాళికా ఊహించలేదు. సేవకుల దళాల చరిత్ర రాసేవారు రామదండును సాధారణంగా స్వాతంత్ర్యోద్యమ అధ్యాయంలోనే ఉంచి, యువజన విద్య అధ్యాయంలోకి రానివ్వరు. ఈ విభజనను పునఃపరిశీలించవలసి ఉంది.

దుర్గాబాయి నెహ్రూను ఆపిన ఆ కాకినాడ మహాసభల సందర్భంగానే ఎన్.ఎస్. హర్డీకర్ చొరవతో అఖిల భారత స్థాయిలో స్వచ్ఛంద సేవకుల సంస్థకు పునాది పడింది. అదే తరువాత హిందుస్తానీ సేవాదళ్‌గా పేరు పొందింది. నాగపూర్ జెండా సత్యాగ్రహంలో హుబ్లీ నుండి వచ్చిన హర్డీకర్ బృందం చూపిన కట్టుబాటు దీనికి ప్రేరణ. నెహ్రూ దీనిని బలపరిచారు. కాంగ్రెసు ప్రముఖులలో కొందరు మాత్రం వ్యతిరేకించారు. కవాతు, యూనిఫారం సైనిక స్వభావాన్ని తెస్తాయని, అది అహింసా సంస్థకు తగదని వారి వాదన. సేవకుడికి ప్రత్యేక శిక్షణ ఎందుకు, చెప్పినట్లు వింటే చాలదా అని మరికొందరు భావించినట్లు నెహ్రూ తన ఆత్మకథలో పేర్కొన్నారు.

చెప్పినట్లు వింటే చాలదా అన్న ఈ ప్రశ్నకు ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర జరిగినదే జవాబు. చెప్పినట్లు విన్నందువల్లనే అక్కడ చిక్కు వచ్చింది. నియమాన్ని అక్షరాలా పాటించిన సేవకురాలు, ఆ నియమం పెట్టిన పెద్దలకే ఎదురునిలవవలసి వచ్చింది. పెద్దలు కోరే విధేయత ఒకటి, నియమం కోరే విధేయత మరొకటి కావచ్చునన్న ఎరుక ఆ వయసులో కలగడం చిన్న విషయం కాదు.

4. స్వతంత్ర భారతం: నిర్బంధం వైపు మొగ్గు

స్వాతంత్ర్యం రాగానే ప్రమాణం ఎవరి పేరిట అన్న చిక్కు తీరింది. నిర్బంధమా, స్వచ్ఛందమా అన్న చిక్కు ముందుకు వచ్చింది. ఈ దశలో ప్రముఖంగా వినిపించే పేరు మళ్లీ హృదయనాథ్ కుంజ్రూదే. 1918లో సేవాసమితి స్కౌట్లను స్థాపించిన ఆయన, 1946లో క్యాడెట్ దళాల గురించి నియమించిన సంఘానికి అధ్యక్షుడయ్యారు. దాని సిఫారసుల మీద 1948లో నేషనల్ క్యాడెట్ కోర్ (ఎన్.సి.సి.) ఏర్పడింది. 1959లో శారీరక విద్య, వినోదం, యువజన సంక్షేమ కార్యక్రమాల సమన్వయానికి నియమించిన సంఘానికీ ఆయనే అధ్యక్షత వహించారు. మాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారి జె.కె. భోన్స్లే 1954లో ఆరంభించిన జాతీయ క్రమశిక్షణ పథకంతో సహా, పాఠశాలల్లో ఒకదానిపై ఒకటిగా పేరుకుపోయిన పథకాలను ఏకం చేయడం ఆ సంఘం ముందున్న పని. ఒకే వ్యక్తి జీవితంలో స్కౌటు ఉద్యమం నుండి క్యాడెట్ దళం దాకా సాగిన ఈ ప్రయాణం ప్రత్యేక పరిశోధనకు అర్హమైనది.

రాధాకృష్ణన్ విశ్వవిద్యాలయ విద్యా సంఘం (1948–49) విద్యార్థుల జాతీయ సేవ స్వచ్ఛందంగానే ఉండాలని సూచించింది. పదేళ్లలో ఆలోచన మారింది. 1958లో నెహ్రూ ముఖ్యమంత్రులకు రాసిన లేఖలో పట్టభద్రులు కావడానికి సమాజసేవను ముందు షరతుగా చేసే ఆలోచన ఉంది. 1959లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యక్షుడు సి.డి. దేశ్‌ముఖ్ నాయకత్వాన జాతీయ సేవా సంఘం ఏర్పాటైంది. ఉన్నత పాఠశాల చదువు ముగించి కళాశాలలో చేరదలచిన ప్రతి విద్యార్థీ తొమ్మిది నెలల నుండి ఏడాది దాకా నిర్బంధ సేవ చేయాలని ఆ సంఘం సిఫారసు చేసింది. సైనిక శిక్షణ, శారీరక శ్రమ, సమాజసేవ, సాధారణ విద్య ఇందులో భాగాలు. 1953లో దుర్గాబాయిని వివాహమాడిన దేశ్‌ముఖ్ ఈయనే. ఎవరి నిర్బంధమూ లేకుండా పద్నాలుగో ఏట సేవకురాలైన వ్యక్తి ఉన్న ఇంటి నుండే నిర్బంధ సేవా ప్రణాళిక రావడం యాదృచ్ఛికమే కావచ్చు, అయినా గమనార్హం.

ఆ ప్రణాళిక అమలు కాలేదు. ఎందుకు కాలేదన్నది ముఖ్యం. నిర్బంధ సేవ సేవ అవుతుందా అన్న తాత్త్విక చర్చ దానిని ఆపలేదు. ఖర్చు, నిర్వహణలోని కష్టాలు ఆపాయి. అంత పెద్ద సంఖ్యలో విద్యార్థులకు ఏడాది పాటు తిండి, బస, శిక్షకులు సమకూర్చే స్థోమత ప్రభుత్వానికి లేకపోయింది. 1960లో ఇతర దేశాల అనుభవాన్ని పరిశీలించిన కె.జి. సైయిదైన్ జాతీయ సేవను స్వచ్ఛంద ప్రాతిపదికపై ప్రవేశపెట్టాలని సూచించారు. భారతదేశంలో సేవ స్వచ్ఛందంగా నిలిచిందంటే దానికి సిద్ధాంత బలంతోపాటు ఖజానా బలహీనత కూడా కారణమని ఒప్పుకోవలసి ఉంటుంది.

నిర్బంధం ఎలా పనిచేస్తుందో మరొక చోట తెలిసివచ్చింది. 1962 చైనా యుద్ధం తరువాత, 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. నిర్బంధమైంది. అయిదేళ్లలోనే, 1968లో, దానిని తిరిగి స్వచ్ఛందం చేశారు. లక్షలాది విద్యార్థులకు సరిపడే అధికారులు గానీ సామగ్రి గానీ లేనప్పుడు కవాతు హాజరుపట్టీగా మారడం సహజం. స్కౌటు చిన్న దళంలో పనికివచ్చిన సూత్రం ఇక్కడ పూర్తిగా తలకిందులైంది. అక్కడ బాలుడు అయిదారుగురికి జవాబుదారి. ఇక్కడ వరుసలో అతడి స్థానం ఖాళీగా ఉంటే మరొకరు నిలబడితే సరిపోతుంది.

5. 1969

కొఠారీ సంఘం (1964–66) విద్య అన్ని దశలలోనూ సమాజసేవను చేర్చాలని చెప్పింది. 1967 ఏప్రిల్‌లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఎన్.సి.సి.కి ప్రత్యామ్నాయంగా జాతీయ సేవా పథకాన్ని (ఎన్.ఎస్.ఎస్.) ప్రతిపాదించింది. 1969 మేలో విశ్వవిద్యాలయాల విద్యార్థి ప్రతినిధుల సమావేశం దానిని సమర్థించింది. 1969 సెప్టెంబరు 24న కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో, 40,000 మంది విద్యార్థులతో ఈ పథకాన్ని ఆరంభించారు. ‘నేను కాదు, నీవు’ అనే అర్థమిచ్చే నినాదం, కోణార్క రథచక్రం దాని చిహ్నాలయ్యాయి.

ఈ పరిణామ క్రమాన్ని పథకం చరిత్రలన్నీ ఇదే వరుసలో చెబుతాయి. ఆ వరుసలో కనిపించని నేపథ్యం ఒకటుంది. 1969 తొలి నెలల నుండి ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు వీధులలో ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ ఉద్యమానికి కేంద్రం. కాల్పులలో విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజనుల సాయుధ పోరాటం సాగుతోంది, చదువుకున్న యువకులు అటు ఆకర్షితులవుతున్నారు. విద్యార్థి ప్రతినిధుల సమావేశం ఎన్.ఎస్.ఎస్.ను జాతీయ సమైక్యతకు సాధనంగా అభివర్ణించడాన్ని ఈ వెలుగులో చదవాలి. యువత శక్తిని గ్రామాల వైపు మళ్లించాలన్న ఆకాంక్షలో ఆదర్శం ఎంత ఉందో, ఆందోళన అంత ఉంది. 1909లో భారతీయ బాలుడి చేతికి శిబిర విద్య ఇవ్వడానికి పాలకులు భయపడ్డారు. 1969 నాటికి అదే విద్య అందకపోతే ఏమవుతుందోనన్న భయం మొదలైంది.

అయినా పథకం వెనుక ఉన్న ప్రభుత్వ ఉద్దేశమే పథకంలో పాల్గొన్న విద్యార్థి అనుభవం కాదు. క్షామం మీద యువత, మురికి–వ్యాధుల మీద యువత వంటి పేర్లతో 1970లలో నడిచిన ప్రత్యేక శిబిరాలు పట్టణ విద్యార్థిని పల్లెకు తీసుకువెళ్లాయి. చెరువు పూడిక తీయడం, రోడ్డు వేయడం అతడి ప్రయోజకత్వానికి పరీక్ష. పారపట్టడంలో పల్లె కూలీ ముందు డిగ్రీ విద్యార్థి తేలిపోతాడు. నేర్పడానికి వచ్చినవాడు నేర్చుకునేవాడుగా మారే ఈ తారుమారును ఏ పాఠ్యప్రణాళికా కల్పించదు. శిబిరం బడిలోనే బస, చాపల మీద పడక, వంతులవారీ వంట, అన్ని కులాలవారు ఒకే పంక్తిన భోజనం తెలుగునాట ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి ఆనవాళ్లు. చివరి అంశం చెప్పినంత సులువైనది కాదు. ఊరిలో శిబిరం ఎక్కడ పెట్టారు, దళితవాడలో పెట్టారా, ఊరి మధ్య బడిలో పెట్టారా అన్నదానిని బట్టి విద్యార్థులు నేర్చుకునే పాఠం మారుతుంది.

6. గంటల లెక్క

ప్రస్తుత నియమావళి ప్రకారం వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. సాధారణంగా 100 మందికి ఒక యూనిట్, యూనిట్‌కు ఒక ప్రోగ్రాం ఆఫీసర్. 40,000తో మొదలైన పథకం సుమారు 40 లక్షల మందికి చేరింది. 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఎన్.ఎస్.ఎస్.ను క్రెడిట్లున్న ఎంపిక పాఠ్యాంశంగా బోధించడానికి మార్గం ఏర్పరచింది.

క్రెడిట్ల పట్ల అధ్యాపక వర్గంలో రెండు రకాల అభిప్రాయాలు ఉండటం సహజం. సేవకు విద్యాపరమైన గుర్తింపు దక్కడం న్యాయమే. సెలవు రోజుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని పల్లెకు వెళ్లే అధ్యాపకుడి శ్రమకూ దానివల్ల విలువ వస్తుంది. అయితే గంటలు లెక్కపెట్టగలిగినవి, ఎదుగుదల లెక్కపెట్టలేనిది. రెండూ ఒకే రిజిస్టరులో నమోదయినప్పుడు మొదటిది రెండవదాని చోటును ఆక్రమిస్తుంది. 1963 నాటి ఎన్.సి.సి.లో జరిగిన పొరపాటు చట్టం ద్వారా కాకుండా మార్కుల ద్వారా తిరిగి వచ్చే అవకాశం ఉంది. నిర్బంధమన్న మాట లేకుండానే నిర్బంధం ఏర్పడవచ్చు.

వంద మంది యూనిట్ కూడా చరిత్ర దృష్టితో ఆలోచించవలసిన అంకెయే. బ్రౌన్‌సీలో ఒక్కొక్క దళంలో అయిదుగురే ఉన్నారు. వంద మంది యూనిట్‌ను పదేసి మంది చొప్పున విభజించి, ఊరిలో ఒక్కొక్క వీధిని ఒక్కొక్క బృందానికి ఏడాది పొడవునా అప్పగించే ప్రోగ్రాం ఆఫీసర్ నియమావళిని ఏమీ అతిక్రమించడు. అదే వంద మందిని ఫొటో కోసం ఒకే వీధి ఊడ్చడానికి తీసుకువెళ్లేవారూ నియమావళిలోనే ఉంటారు.

ఆరుబయట శిక్షణ ఎవరికి అందుతున్నదన్న 1909 నాటి ప్రశ్నకు ఇటీవల తెలంగాణ నుండి ఒక జవాబు వచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టును అధిరోహించారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. శిఖరం మీది ఛాయాచిత్రం అందరికీ తెలుసు. భువనగిరి బండ మీద తాడు పట్టుకుని మొదటిసారి వేలాడిన పిల్లలలో ఎవరెస్టు దాకా వెళ్లనివారే ఎక్కువ. ఆ అనుభవం వారిలో ఏం మార్చిందో పరిశోధకులు ఇంకా అడిగి రాయవలసి ఉంది.

ఎన్.ఎస్.ఎస్. విషయంలో ఆ పనికి ఆధారాలు దగ్గరలోనే ఉన్నాయి. ప్రతి వాలంటీరూ పని డైరీ రాయాలన్నది నియమం. ఏ రోజు ఏ పని చేశారు, ఎన్ని గంటలు చేశారు అన్న వివరాల మధ్య, ఏ ఇంటివారు మంచినీళ్లిచ్చారు, ఎవరు కసిరారు, ఏ పని సగంలో ఆగింది వంటి మాటలు కొన్ని డైరీలలోనైనా ఉంటాయి. సర్టిఫికెట్టు జారీ కాగానే వాటి అవసరం తీరిపోయిందని కళాశాలలు భావించకుండా, జిల్లాకు ఒక కళాశాలలోనైనా పది సంవత్సరాల డైరీలను వరుసగా భద్రపరచగలిగితే, విధానపత్రాలలో లేని సమాధానాన్ని వెదకడానికి పరిశోధకుడికి చోటు దొరుకుతుంది.